మునకకు తోడు, పడవకు వాటా

కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోట మునగాలని నాకు ఏళ్ళనాటి కోరిక. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ఆ గుడి 2016 దాకా మా కరీంనగర్ జిల్లాలోదే. మావారికి సెలవు దొరకదు. దొరికినా నీళ్ళంటే భయం! పడవ మొత్తం మాట్లాడుకుంటే 1200 రూపాయలు. ఒక్కదాన్నీ ఎక్కడ పెట్టుకోను? వాడకట్టులో అడిగితే ఆరుగురం పోగయ్యాం. తలా 200.

సరదా మనిషి కంటే మాట వినే మనిషినే ఎంచుకున్నాను. సముద్రంలో సిలిండర్ కట్టుకుని దిగేవాళ్ళు కూడా జతలుగానే వెళ్ళి ఒకరినొకరు కనిపెట్టుకుంటారు. మేమూ అంతే. ఒకరు మునిగితే రెండోవారు చెయ్యి వదలకూడదు. బీడీలు చుట్టే మా పక్కింటి అక్క నా జత.

రేవులో మరో నలుగురు వచ్చారు. "మేమూ ఎక్కుతాం, తలా 120కే అయిపోతుంది" అన్నారు. నాకు 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన పడవ మెదిలింది. కానీ అక్కకు 80 రూపాయలు మిగలడం చిన్న మాట కాదు. ఆమె వైపు చూశాను.

"పడవల ఆరే జాకెట్లున్నయ్ చెల్లె. పైసల కోసం పానం మీదికి తెచ్చుకుంటమా? మనమే పోదాం" అంది.

ఆమె వాటా మేం సర్దుతామంటే ఒప్పుకోలేదు. మునకలయ్యాక తను తెచ్చిన సర్వపిండి మాత్రం పడవబ్బాయితో సహా అందరం తిన్నాం. అడుగున ఎర్రగా కాలిన ముక్క కోసం ఇద్దరు పోట్లాడుకున్నారు కూడా. నువ్వులు ఎన్ని వేసిందో అడిగి రాసుకున్నాను.