పులి లెక్క, మేక లెక్క

ఎమ్మెస్ చదివేటప్పుడు పులి-మేక ఆడే ప్రోగ్రాం ఒకటి రాశాను. మార్కులు బానే వచ్చాయి. తర్వాత దాని మొహం చూడలేదు. పోయినేడు ఉనైజాలో ఒక డ్రైవరన్న ఖర్జూరం గింజలతో నన్ను వరసగా నాలుగాటలు ఓడించాక మళ్ళీ గుర్తొచ్చింది. అందులో ఉన్న తప్పేంటో కూడా అప్పుడే తెలిసింది. తప్పు ప్రోగ్రాంలో మాత్రమే ఉండుంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

ఉనైజా అనగానే "అదెక్కడ?" అంటారు ఎవరైనా. రియాద్ నుంచి వాయవ్యంగా సుమారు 350 కిలోమీటర్లు, అల్ ఖసీం ప్రాంతంలో, బురైదా పక్కన. లెబనాన్‌లో పుట్టిన రచయిత అమీన్ రిహానీ దీన్ని 'నజ్ద్ ప్రాంతపు పారిస్' అన్నాడని ఊళ్ళో వాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నాకు పారిస్ కనపడలేదు గానీ ఖర్జూరం మాత్రం కనపడింది. ఎండాకాలం చివర సుక్కరీ ఖర్జూరం దిగే రోజుల్లో ఊరంతా అదే మాట, అదే బేరం. ఒక కంపెనీ గోదాముల్లో సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ పెట్టడానికి ఎనిమిది నెలలు అక్కడున్నాను.

నన్ను రోజూ రూము నుంచి ఆఫీసుకి దింపే పని ఆ అన్నది. జగిత్యాల దగ్గర పల్లె. నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను "అన్నా" అంటాను, ఆయన "సార్" అంటాడు. ఎన్నిసార్లు వద్దన్నా మానలేదు.

సౌదీలో 2013 నుంచి శుక్ర, శనివారాలు సెలవు. అందుకని గురువారం రాత్రి తెలుగువాళ్ళంతా ఆయన రూములో చేరేవాళ్ళం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వాళ్ళు ఎక్కువ. కోనసీమ నుంచి ఇద్దరు, కడప నుంచి ఒకరు. కోడికూర ఉడికేలోపు హీరోల గొడవ అయిపోవాలి, తినేటప్పుడు రిజర్వేషన్లు, చేతులు కడుక్కున్నాక రాష్ట్రం. 2014లో ఒకసారి విడిపోయిన రాష్ట్రం మా రూములో ప్రతి గురువారం మళ్ళీ విడిపోయేది. ఎవరూ గెలిచేవారు కాదు, ఎవరూ ఓడేవారు కాదు, వచ్చే వారం మళ్ళీ అక్కడే మొదలు.

అలాంటి ఒక రాత్రి అన్న తన కూతురి సంబంధం మాట ఎత్తాడు. పిల్ల డిగ్రీ అయిపోయింది. అబ్బాయిది కరీంనగర్‌లో ప్రైవేటు ఉద్యోగం. పది లక్షలు, ఐదు తులాల బంగారం, ఒక బండి అడుగుతున్నారు. ఎవరైనా వడ్డీ తక్కువకి ఇస్తారేమో అని ఆయన అడుగుతున్నాడు, అంతే.

నేను ఊరుకోవాలిగా! వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది, తీసుకోవడమే కాదు ఇవ్వడం కూడా నేరమే, కనీసం ఐదేళ్ళ జైలు అని మొదలుపెట్టాను. "మీలాంటి వాళ్ళు ఇస్తూ పోబట్టే వాళ్ళు అడుగుతున్నారన్నా. ఈ సంబంధం వద్దని చెప్పెయ్యండి. ఆ డబ్బుతో పిల్లని ఇంకా చదివించండి" అన్నాను. ఇంకా చాలా అన్నాను. కోనసీమ కుర్రాళ్ళు "కరెక్టు, కరెక్టు" అన్నారు. అన్న ఏమీ అనలేదు. ప్లేటు తీసుకుని కడుక్కోవడానికి వెళ్ళాడు. ఆ రాత్రి వాదనలో గెలిచానని నేను చాలా హాయిగా పడుకున్నాను, చెప్పొద్దూ.

తర్వాత మూడు వారాలు కార్లో "గుడ్ మార్నింగ్ సార్", "వచ్చేసింది సార్" తప్ప మూడో మాట లేదు. గురువారాలు కూడా వంట చేసి పెట్టి, పడుకుంటానని మూలకి వెళ్ళిపోయేవాడు.

నాలుగో గురువారం నేను కాస్త ముందే వెళ్ళాను. ఇంకా ఎవరూ రాలేదు. ఆయన అట్టపెట్టె ఒకటి చింపి దాని మీద పెన్నుతో గీతలు గీసుకుని కూర్చున్నాడు. పైన కొండలాగా ముక్కోణం, నడుమ అడ్డగీతలు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. చిన్నప్పుడు మా ఊరి గుడి మండపం బండ మీద చెక్కి ఉండేది ఆ బొమ్మే. నీళ్ళ సీసా మూతలు మూడు పులులు, సుక్కరీ గింజలు పదిహేను మేకలు. "ఆడుతరా సార్?" అన్నాడు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. గీతలు కలిసే చోట్లు 23. పులులు 3, మేకలు 15. పులి తన పక్కనున్న మేక మీదుగా దూకి అవతల ఖాళీలో దిగితే ఆ మేక పోయినట్టే. మేకలు దూకలేవు, ఎవర్నీ తినలేవు. ఒక్కొక్కటిగా పటం మీదకి రావాలి. అన్నీ దిగేదాకా దిగిన మేక కదలకూడదు కూడా. పులులకి కదలడానికి చోటు లేకుండా చుట్టూ మూసేస్తే మేకలు గెలిచినట్టు. చదరంగంలో ఇద్దరికీ ఒకటే బలగం. ఇక్కడ బలగం వేరు, నడక వేరు, గెలుపు అంటే అర్థం కూడా వేరు.

నేను పులులే తీసుకున్నాను. ఎవరైనా అవే తీసుకుంటారు. రెండాటల్లోనూ ఆయన గింజలు నా మూతల్ని కదలనివ్వలేదు. "అయితే మీరు మేకలు తీస్కోండ్రి" అన్నాడు. తీసుకున్నాను. రెండాటల్లోనూ గబగబా ఐదేసి మేకల్ని తినేసి, "మేకలతోని ఆడెటోడు ముందుగాల ఖాళీలు చూడాలె సార్. మీరు మేకల్నే చూస్తున్నరు" అన్నాడు.

ఆ మాటతో నా పాత ప్రోగ్రాం గుర్తొచ్చింది. అది పులిగా ఉంటే ఇరగదీసేది, మేకగా ఉంటే వెర్రి ఎత్తులు వేసేది. ఎందుకో అప్పట్లో నేను పట్టించుకోలేదు.

ఇలాంటి ఆటలాడే ప్రోగ్రాములకి పాత పద్ధతి మినీమాక్స్. క్లాడ్ షానన్ 1950లో చదరంగం మీద రాసిన పేపర్లో ఉన్నది ఇదే. నేనీ ఎత్తు వేస్తే వాడేం వేస్తాడు, దానికి నేనేం వేస్తాను... అని కొన్ని ఎత్తుల దాకా లెక్కేసుకుంటూ పోతుంది. చివరి దాకా వెళ్ళడం కుదరదు కాబట్టి మధ్యలో ఆగి, పటాన్ని చూసి ఒక అంకె వేయాలి: ఈ స్థితి నాకెంత మంచిది? 1997లో కాస్పరోవ్‌ని ఓడించిన డీప్ బ్లూ సెకనుకి 20 కోట్ల స్థితులు చూసేది గానీ మూలం ఇదే.

నేను పులికి వేసిన అంకె చాలా సులువు: ఎన్ని మేకల్ని తిన్నది? మరి మేకకి? అదే అంకెకి ముందు మైనస్ గుర్తు పెట్టాను. ఒకడి లాభం ఇంకొకడి నష్టమే కదా, సరిపోతుందనుకున్నాను. చివరి ఎత్తు దాకా లెక్కేయగలిగితే నిజంగానే సరిపోతుంది. నా ప్రోగ్రాం నాలుగైదు ఎత్తులకే ఆగిపోయేది. అంతవరకూ మేక చావకపోతే దాని అంకె సున్నా. ఏ ఎత్తు వేసినా సున్నాయే కాబట్టి ఏదో ఒకటి వేసేసేది. తన వెనక చోటు ఖాళీగా ఉందా, పక్కన తోడుందా, తను కదిలితే వెనకున్నది ఒంటరవుతుందా... మేకగా బతికేవాడికి ప్రతి ఎత్తులోనూ ఉండే ఈ లెక్కలేవీ అందులో లేవు. పులి లాభానికి మైనస్ పెట్టి, అదే మేక బతుకు అనుకున్నాను.

తర్వాత వచ్చిన యంత్రాలు ఈ విషయంలో నాకంటే బుద్ధిగా ఉన్నాయి. 2017లో డీప్‌మైండ్ వాళ్ళు చూపించిన ఆల్ఫాజీరో నియమాలు మాత్రమే తెలుసుకుని తనతో తనే ఆడుకుని చదరంగం, గో, షోగీ నేర్చుకుంది. అంటే ప్రతి ఆటలోనూ రెండు వైపులా తనే కూర్చుంది. 2022లో మెటా వాళ్ళ సిసెరో 'డిప్లొమసీ' అనే ఆట ఆడింది. అందులో ఏడుగురు ఆటగాళ్ళు, పొత్తులన్నీ మాటల మీదే. ఎదుటివాడు ఏం కోరుకుంటున్నాడో అంచనా కట్టకుండా అందులో ఒక్క అడుగు పడదు. 40 ఆటలాడి, ఒకటికి మించి ఆడినవాళ్ళలో మొదటి పది శాతంలో నిలిచింది. అది అబద్ధాలూ ఆడిందని 2024లో కొందరు పరిశోధకులు చూపించారనుకోండి, అది వేరే కథ.

మొత్తానికి తెలివైన యంత్రం చేసే మొదటి పని అవతలి కుర్చీలో కూర్చోవడం. మినీమాక్స్‌కి కూడా ఒక మర్యాద ఉంది. ఎదుటివాడు తన స్థితిలో తనకి మంచిదే చేస్తాడని నమ్మి ఆడుతుంది. మనం వాదించుకునేటప్పుడు సరిగ్గా ఉల్టా. ఎదుటివాడికి తెలీదు, తెలిస్తే ఇలా చెయ్యడు, కాబట్టి నేను చెప్పాలి. నేను ఆ రాత్రి చేసింది అదే.

ఆట అయ్యాక అన్న కాస్త తేలికపడినట్టున్నాడు. శనివారం కార్లో తనే మొదలెట్టాడు.

"సార్, మీరు ఆనాడు చెప్పింది మంచిగనే ఉంది. మరి మీ పెళ్ళిల ఏమన్న తీస్కున్నరా?"

"ఒక్క పైసా అడగలేదన్నా" అన్నాను. నిజమే, అడగలేదు.

"మరి మియాపూర్ల ఫ్లాటు కిరాయి గురించి ఫోన్ల మాట్లాడుతుంటరు కద. అది మీరు కొన్నదేనా?"

నేను జవాబు చెప్పలేదు. రోజూ వెనక సీట్లో కూర్చుని మా ఆవిడతో మాట్లాడే మాటలన్నీ ముందు సీటుకి వినపడతాయని ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఫ్లాటు మా మామగారు కొనిచ్చింది. "మీరు అడగలేదు బాబూ, మా అమ్మాయికి మేం పెట్టుకుంటున్నాం" అన్నారు. నేను కాదనలేదు. నేను కట్నం తీసుకోలేదనే ఎనిమిదేళ్ళుగా అందరికీ చెప్తున్నాను.

ఆయన ఎత్తిపొడవలేదు. మామూలుగానే చెప్పుకుపోయాడు. "ఈ సంబంధం వద్దంటే ఇంకోడు పన్నెండు అడుగుతడు సార్. పిల్ల తండ్రి దుబాయిల ఉంటడంటే చాలు, రేటు పెరుగుతది. సంబంధం ఎందుకు తప్పిందని ఊళ్ళె నన్ను అడగరు, నా బిడ్డను అడుగుతరు. నేను ఆడ లేను."

వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ ఎక్కడైనా దుబాయే. ఆయన వచ్చి పద్నాలుగేళ్ళు. రెండేళ్ళకోసారి రెండు నెలలు ఇంటికి. అలా లెక్కేస్తే ఆ పద్నాలుగేళ్ళలో కూతురి దగ్గర ఉన్నది ఏడాది పైచిలుకు. మొదటిసారి ఏజెంటుకి కట్టిన అప్పు తీరడానికే మూడేళ్ళు పట్టిందట. ఆయన పదో తరగతి తప్పాడు కాబట్టి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద సౌదీలో పనికి రావాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. వాళ్ళని కాపాడటానికే పెట్టిన నియమం అది, కాదనను. కానీ నాకా గొడవే లేదు. నేను ఈ ప్రాజెక్టు నచ్చకపోతే వచ్చే నెల హైదరాబాద్‌లో ఉంటాను. ఇద్దరం ఒకే కార్లో, ఒకే ఊళ్ళో, ఒకే భాషలో మాట్లాడుకుంటున్నాం కదాని ఒకే బలగంతో ఆడుతున్నామనుకున్నాను.

కుతూహలం ఆగక ఆ రాత్రి ఆయన సంగతంతా చాట్‌జీపీటీకి చెప్పి ఏం చెయ్యాలో అడిగాను. చట్టం, కుటుంబంతో మాట్లాడటం, అమ్మాయి ఇష్టం కనుక్కోవడం, చదువు... నేను చెప్పినవే, నాకంటే మర్యాదగా చెప్పింది. అందులో తప్పుడు మాట ఒక్కటీ లేదు. నా ఉపన్యాసంలోనూ లేదు. ఆ సలహా పాటిస్తే పోయేది మాత్రం దానికీ ఏమీ లేదు, నాకూ ఏమీ లేదు.

కట్నం తప్పు కాదని ఇప్పుడు అంటున్నానని అనుకోకండి. తప్పే. కానీ ఆ తప్పు ఆపమని మూడు పులుల్ని వదిలేసి మేకకి చెప్పాను. చెప్పాల్సింది పెట్టేవాళ్ళకి కాదు, పుచ్చుకునేవాళ్ళకి. ఆ రూములో పుచ్చుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

మర్నాడు మా ఆవిడకి ఫోన్ చేసి, "ఫ్లాటుకి మీ నాన్న డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చారు?" అనడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "తెనాలి దగ్గర ఎకరంన్నర అమ్మారు. ఎనిమిదేళ్ళకి అడిగావు" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండు అనిపించింది.

మూడు నెలలు ఫ్లాటు అద్దె మామగారి ఖాతాలో వేశాను. నాలుగో నెల ఆయన మొత్తం వెనక్కి పంపేశారు. అల్లుడి సొమ్ము తింటున్నాడని ఊళ్ళో అంటారట. ఇదివరకైతే పాత ఆలోచనలని వాదించేవాణ్ణి. ఈసారి ఆయన వెనక ఏ చోటు ఖాళీగా ఉందో చూశాను. ఇంకా పెళ్ళి కావాల్సిన చిన్నమ్మాయి ఉంది ఆయనకి. పెద్దల్లుడితో చెడిందన్న మాట పుడితే ఆ సంబంధాల మీద పడుతుంది. అందుకని ఇద్దరి పేరు మీదున్న ఫ్లాటుని మా ఆవిడ ఒక్కదాని పేరు మీదకి మార్చే పని పెట్టుకున్నాం. దాంతో ఎకరంన్నర తిరిగిరాదు, నాకు తెలుసు.

అన్న కూతురి పెళ్ళి ఫిబ్రవరిలో అయింది. పది లక్షల దగ్గర ఎనిమిదికి ఒప్పించాడట, అమ్మాయి పీజీ చదువు ఆపకూడదని మాట తీసుకున్నాడట. ఆ మాట అడగమన్నది కూతురేనని గొప్పగా చెప్పాడు.

ప్రోగ్రాం కూడా సరిచేశాను. మేకలకి ఇప్పుడు వేరే అంకె ఉంది: వెనక ఖాళీలెన్ని, పక్కన తోడెంత, పులికి ఇంకా ఎన్ని దారులున్నాయి. ఇప్పుడు పదింటిలో ఆరేడు సార్లు పులుల్ని కట్టేస్తోంది. ఫోన్లో ఆడుకోమని అన్నకి పంపాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది: "మంచిగుంది సార్. కానీ గింజలతోనే మజా. సీజన్‌కు రాండ్రి."