ఒండ్రుపై నిలుచు నావ

ఇంగ్లండు తూర్పుతీరమున, ఎసెక్స్ ప్రాంతమునందు, కోల్న్, బ్లాక్‌వాటర్, క్రౌచ్ నదులు సముద్రమును గలియు తావులలో, పోటువేళ కనుచూపుమేర నీరు నిండి తెరచాపలు విహరించు చోటనే, ఆఱుగంటలు గడచునప్పటికి నీరు వెనుదీసి, విశాలమైన ఒండ్రుమేటలు బయల్పడి, నడుమ ఒక సన్నని పాయ మాత్రము మిగిలియుండును. కాకినాడ ఉప్పుటేటి ఒడ్డున బాల్యము గడపిన నాకు ఆటుపోట్లు అపరిచితములు గావు. కాని అచ్చటి సముద్రము పెద్దపోటునాడును ఇంచుమించు మీటరున్నర పొంగునదియే గాగా, ఇచ్చట అమావాస్యాపౌర్ణములకు పిమ్మట వచ్చు పోటు సుమారు 4.5 మీటర్లు లేచును. ఆ లేచుటయు సమగతిని జరుగదు. మొదటి గంటలో పండ్రెండవ వంతు, రెండవ గంటలో రెండు వంతులు, మూడు నాలుగు గంటలలో మూడేసి వంతులు, అటుపై మరల రెండు, చివరకు ఒకటి. ఈ లెక్క ఇచ్చటి పడవవారికి కంఠస్థము. పడవ కొనదలచినవాడు పడవను చూచుటకు పూర్వమే దీనిని మనస్సున నిలుపుకొనవలెను. ఏలయన, నీరు లేని ఆ గంటలలో తన పడవ ఎచ్చట, ఏ భంగిమలో ఉండునను విషయమే తక్కినవాని నన్నింటిని నిర్ణయించును.

ఉద్యోగభారము తగ్గి, పిల్లలు తమ తమ త్రోవలు చూచుకొన్న పిమ్మట, వేసవి నెలలలో ఈ తీరము వెంబడి మెల్లగా ప్రయాణింపవలెనను కోరిక మా దంపతులకు బలపడినది. ధనము మితము. పాత పడవల వెలలు చూచిన క్రొత్తవారికి ఆశ్చర్యము కలుగక మానదు. 1970లలో కట్టిన యిరువదియాఱడుగుల పడవ, పడకలు, పొయ్యి, డీజిల్ ఇంజను సహితముగా, ఒక పాతకారు వెలకు దొరకును. అయితే కొనుటకగు వ్యయము ఒక్కమారే. నిలుపుకొనుటకగు వ్యయము ఏటేటా వచ్చునది. ఎల్లవేళల నీరుండు మెరీనా అను పడవలరేవులో బెర్తు, అనగా నిలుపుచోటు, తీసికొన్నచో, ఏడాది అద్దె ఒక్కొక్కప్పుడు పడవ వెలతో సమానమగును. పోటు సగము వచ్చినపుడు మాత్రమే నీరందు పాయ అంచులలో పడవను కట్టు మూరింగ్ అందులో స్వల్పభాగమునకే లభించును గాని, లోతైన ఒంటి కీల్ (పడవ అడుగునుండి నీటిలోనికి దిగు బరువైన ఫలకము) గల పడవ అట్టి చోట, నేల గట్టిదైనచో, నీరు దిగగానే ప్రక్కకు ఒరిగిపోవును. పడవ అడుగున మధ్యరేఖకు ఇరుప్రక్కల రెండు పొట్టి కీల్‌లు గల పడవ మాత్రము ఆ రెండింటిపై నిటారుగా నిలుచును. లోపలివారు అన్నము వండుకొని తిని, నిశ్చింతగా నిద్రింపగలరు.

ఇట్టి పడవను సామాన్యునకు అందుబాటులోనికి తెచ్చిన పుణ్యము అధికభాగము డెనిస్ రేనర్ అను నౌకాదళాధికారిది. ఆయన రెండవ ప్రపంచయుద్ధమున అట్లాంటిక్ సముద్రముపై వర్తకనౌకలకు రక్షణగా వెడలిన యుద్ధనౌకలను నడపినవాడు. ఆ అనుభవముతో 1956లో ‘ది ఎనిమీ బిలో’ అను నవలను రచించినవాడు. 1963లో ఆయన స్థాపించిన వెస్టర్లీ సంస్థ, ఫైబర్‌గ్లాసుతో జంటకీల్ పడవలను వరుసగా కట్టి, కుటుంబములకు అమ్మసాగినది. ఆయన 1967లో గతించెను. రెండేండ్లకు, లారెంట్ గైల్స్ అను ప్రఖ్యాత నౌకారూపశిల్పుల సంస్థ చేసిన రూపకల్పనతో, సెంటార్ అను పడవ వెలువడి, 1980 వరకు రెండువేలకు పైగా తయారయ్యెను. దాని పొడవు 26 అడుగులు, బరువు సుమారు మూడు టన్నులు, నీటిలో మునుగు లోతు మూడే అడుగులు. కీల్‌లు పోతయినుమువి. అవి క్రిందికి పోనుపోను వెలుపలికి వాలియుండుటచే, గాలికి పడవ ఒరిగినపుడు దిగువప్రక్క కీల్ నిటారై, నీటిని గట్టిగా పట్టి, పడవ ప్రక్కకు జారిపోకుండ ఆపును. అందుచే పూర్వపు జంటకీల్ పడవలకున్న మందగమనపు అపవాదు దీనికి చాలవఱకు తొలగినది.

సెంటార్‌కు ప్రక్కన మేము విచారించినవానిలో వెస్టర్లీ సంస్థవారి కాన్సార్ట్ ముఖ్యమైనది. 29 అడుగుల పడవ, గది మఱింత విశాలము, ధరయు ఆ మేరకు ఎక్కువ. సాడ్లర్ 29 రెండు ఫైబర్‌గ్లాసు పొరల నడుమ నురుగు నింపి మునుగకుండునట్లు కట్టిన సొగసైన పడవ. జంటకీల్ రూపమునను దొరకును. ముగ్గురు నలుగురు పిల్లలున్నవారు కాన్సార్ట్‌ను చూచుట మంచిది. ఇద్దరే యైనపుడు ప్రతి అదనపుటడుగును తెరచాప బరువును, రంగు ఖర్చును, బెర్తు అద్దెను పెంచును గనుక, ఇరువదియాఱు చాలునని నేను నమ్ముచున్నాను.

గుణములు చెప్పి దోషములు దాచుట న్యాయము గాదు. గాలికి ఎదురుగా వెడలునపుడు జంటకీల్ పడవ లోతుకీల్ పడవకన్న వెనుకబడును, ఇది నిజము. ప్రశాంతమైన రాత్రి లంగరు వేసియుండగా చిన్నయలలు అడుగుభాగమున చఱచు చప్పుడు నిద్రకు భంగము కలిగించును. వీనికన్న గమనింపదగినది వేఱొకటి కలదు. ఒంటికీల్ పడవ ఇసుకమేటపై తగిలినచో, దానిని ప్రక్కకు వంచినంతనే లోతు తగ్గి విడివడును. జంటకీల్ పడవను వంచిన కొలదిని దిగువకీల్ మఱింత లోతునకు దిగును. కావున నీరు తగ్గుచున్న వేళ దీనిని మేటపై తగిలించినవారు తదుపరి పోటు వచ్చువఱకు వేచియుండక తప్పదు. నిటారుగానే వేచియుందురు గనుక ప్రాణభయము సాధారణముగా లేదు; కాని నేల ఎగుడుదిగుడుగా నుండి, ఒక కీల్ గుంటలో దిగినచో ఆ రాత్రి సుఖము శూన్యము. రాతినేలపైనను, అలలు కొట్టు తెరపితావునను దీనిని ఎన్నడును నిలుపరాదు.

మా ఎంపికలో నిర్ణాయకమైన మాట నా భార్యది. ఆమె మొదటనే, “మీకు ఒంట్లో బాగోకపోతే ఈ పడవని నేనొక్కదాన్నే రేవుకి తేగలగాలండీ. అది కుదరని పడవ మనకొద్దు,” అని స్పష్టముగా చెప్పినది. దంపతుల పడవకు ఇంతకన్న మేలైన గీటురాయి నాకు కానరాదు. ఈ దేశమున నేను చూచిన అనేక జంటలలో పురుషుడు నాయకుడై, స్త్రీ త్రాళ్ళు అందించు ప్రయాణికురాలై యుండును; అతడు నీట పడినచో ఆమెకు ఇంజను కదలించుటయు తెలియదు. ఇది ఘోరమైన సంగతి. అందుచే ముందరి తెరచాపను చుట్టు రోలర్ అమరిక గలదియో కాదో, పెద్ద తెరచాపను తగ్గించు త్రాళ్ళు చుక్కానివద్ద కూర్చున్నవారి చేతికందునో లేదో, ఇంజను మీటలు ఆమె చేతికి వశమో కాదో, ప్రతి పడవపైనను ఆమెయే స్వయముగా పరీక్షించినది. వెనుకభాగమున నీటిలోనికి దిగు మెట్లు లేనిచో, నీట పడిన మనిషిని పైకి తీయుట బలవంతుడైన యువకునికిని దుస్సాధ్యము. ఆ మెట్లు లేని పడవను మేము బేరమాడినప్పుడెల్ల వాని ఖర్చు వెలనుండి తగ్గింపుమని అడిగితిమి.

ఏబదియేండ్ల పడవ విషయమున పేరుకన్న స్థితి ముఖ్యము. నీరు దిగునపుడును ఎక్కునపుడును కొద్ది నిమిషములపాటు కీల్‌లు నేలను తాకుచు తేలుచు ఉండును. ఏండ్ల తరబడి ఆ తాకిడి అంతయు కీల్‌లు పడవను అంటుకొని యుండు చోటనే పడును. గదిలోని నేలపలకలు ఎత్తి, అచ్చట పగుళ్ళును, తడిజాడలును, తుప్పుబట్టిన బోల్టులును గలవేమో చూడవలెను. తొలినాళ్ళ సెంటార్‌లలో ఈ భాగమును లోపలినుండి అడ్డుపట్టీలతో బలపఱచుట సర్వసాధారణమైన మరమ్మతు. ఆ పని జరిగినట్లు రసీదులున్న పడవకు కొంత ఎక్కువ ఇచ్చినను నష్టము లేదు. ముచ్చటగా రంగువేసి, మెత్తలు మార్చి ఉంచిన ఒక పడవలో ఈ పగుళ్ళనే చూచి, అమ్మువాడు వెల ఎంత తగ్గించినను మేము మరలి వచ్చితిమి. రెండవది ఇంజను. పాత ఇంజను పోయి క్రొత్త డీజిల్ వేయించుట పడవ వెలను మించిన వ్యయము కాగలదు. కావున ఇంతకుముందే మార్చిన ఇంజను గల పడవయే నిజమునకు చవుక. పడవ అడుగున నీరు లోనికి వచ్చు కవాటములు కంచువా, ఇత్తడివా యని విచారింపుడు. ఉప్పునీటిలో ఇత్తడినుండి జింకు కరగిపోయి, లోహము గుల్లయై, చేతితో విరుగును. వాడస్తంభమును పట్టియుంచు ఉక్కుతీగలు పాతవైనచో బీమాసంస్థలు మార్పుమందురు; ఆ ఖర్చును ముందే వెలలో కలుపుకొనవలెను.

తుదకు మేము కొన్నది సెంటార్. ఏటేటా అడుగునకు రంగు వేయుటకు క్రేనుతో పనిలేదు. గట్టి ఇసుకపై నిలిపి, ఒక పోటుకును మఱియొక పోటుకును నడుమ మేమే గీకి, కడిగి, పూయుదుము. కీల్‌ల నడుమ వెల్లకిల పడుకొని చేయవలసిన పని కష్టమైనదే గాని, క్రేనువారి కివ్వవలసిన ధనము మిగులును.

ఈ దేశమున స్వంత విలాసనావను సముద్రముపై నడపుటకు లైసెన్సు అవసరము లేదు. పడవపై రేడియోను వాడుటకు మాత్రము ధ్రువపత్రము కావలెను. చిన్న పడవల రిజిస్టరులో పేరుండుట స్వామిత్వమునకు సాక్ష్యము గాదు గనుక, వెనుకటి అమ్మకపు పత్రములను వరుసగా చూడక ధనము చెల్లింపరాదు. పడవ స్థితిని పరీక్షించు స్వతంత్రుడైన సర్వేయరుకు ఇచ్చు రుసుము ఎక్కువని తోచినను ఇచ్చుడు. మన తెలుగువారిలో ఈ కోరిక గల దంపతులకు నా విన్నపము ఇది: పడవను కొనకముందే రాయల్ యాటింగ్ అసోసియేషన్‌వారి డే స్కిప్పర్ శిక్షణలో ఇద్దరును కలిసి చేరుడు, ఇద్దరును ఉత్తీర్ణులైన పిమ్మటనే పడవను వెదకుడు.