గీత గీసినవానిదే కావాలి

ఒక పనిముట్టును ఎన్నుకోవడమంటే దానిని ఇచ్చినవారితో సంబంధం కలుపుకోవడమే. సంబంధం కలుపుకొనే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలన్నారు మన పెద్దలు. సుత్తిని కొన్నవాడు అంగడివానిని మరునాడే మరచిపోవచ్చు. కంప్యూటర్ ప్రోగ్రామును తెచ్చుకొన్నవానికి ఆ స్వేచ్ఛ అన్నివేళలా ఉండదు. అమ్మినవాడు వెల మార్చినా, కొట్టు మూసినా, ఆ ప్రోగ్రాముతో చేసిన పని అంతా అతని తాళం వెనుకనే చిక్కుకొనిపోవచ్చు.

మా కళాశాల ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలకు సర్క్యూట్ బోర్డులు రూపొందించే ప్రోగ్రామును ఎన్నుకోవలసి వచ్చినప్పుడు ఈ విషయమే మా ముందు నిలిచింది. అక్కడి కంప్యూటర్లన్నీ లినక్స్ మీద నడుస్తాయి. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించి, సోర్స్ కోడును లోకానికి విప్పి ఇచ్చిన వ్యవస్థ అది. ప్రిన్సిపాల్ గారు నియమించిన సంఘంలో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ గారు, ప్రయోగశాల సహాయకులు, మేము సభ్యులం. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి రాగి దారులతో ఏమి పని అని కొందరు నవ్వారు. పని ఉన్నదని తరువాత తేలింది.

ఇంతకూ అటువంటి ప్రోగ్రాము చేసేదేమిటి? మొదట విద్యార్థి సర్క్యూట్ డయాగ్రమ్ గీస్తాడు. తరువాత ప్రతి విడిభాగానికీ బోర్డు మీద అది ఆక్రమించే చోటును, దాని కాళ్ళను అతికించే స్థానాలను నిర్ణయిస్తాడు. ఆ పైన ఒక కాలినుండి మరొక కాలికి రాగి దారులు వేస్తాడు. దారుల మధ్య తగినంత ఎడం ఉన్నదో లేదో ప్రోగ్రాము పరీక్షిస్తుంది. చివరకు గెర్బర్ అనే పద్ధతిలో ఫైళ్ళు తయారై కర్మాగారానికి వెళతాయి. ఇన్ని దశలలో విద్యార్థి పడిన శ్రమ అంతా కొన్ని ఫైళ్ళలో నిక్షిప్తమై ఉంటుంది. రేపు ఆ ఫైళ్ళను తెరవగలమా అన్నదే అసలు ప్రశ్న.

మా ముందుకు వచ్చినవాటిలో మొదటిది ఈగిల్. 1988లో జర్మనీలో క్యాడ్‌సాఫ్ట్ సంస్థ వెలువరించిన ఈ ప్రోగ్రాము లినక్స్ మీద కూడా నడిచేది. ఎందరో దానితోనే పని నేర్చుకొన్నారు. అయితే దాని ఉచిత ప్రతిలో 100 మిల్లీమీటర్ల పొడవు, 80 మిల్లీమీటర్ల వెడల్పు దాటి బోర్డు గీయడానికి వీలుండేది కాదు. 2016లో ఆటోడెస్క్ సంస్థ దానిని కొన్నది. 2017లో చందా పద్ధతి వచ్చింది. 2026 జూన్ 7 తరువాత అమ్మకం గాని, మద్దతు గాని ఉండవని 2023లో ఆ సంస్థ ప్రకటించింది. రెండవది జి.ఇ.డి.ఎ. ఇది స్వేచ్ఛా ప్రోగ్రాముల సమూహమే. కాని డయాగ్రమ్‌కు ఒకటి, బోర్డుకు మరొకటి కావడం వలన కొత్తవారికి ప్రయాస ఎక్కువ. మూడవది కీక్యాడ్. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో అధ్యాపకులైన జాన్ పియర్ షరా 1992లో దీనిని ఆరంభించారు. 2013 నుండి సెర్న్ అణు పరిశోధనాలయం దీని వికాసానికి చేయూతనిచ్చింది. 2019లో ఇది లినక్స్ ఫౌండేషన్ గొడుగు కిందకు చేరింది. మన బొంబాయి ఐ.ఐ.టి. వారు రూపొందించిన ఈసిమ్ కూడా డయాగ్రమ్‌కు, బోర్డుకు కీక్యాడ్‌నే ఆశ్రయించింది.

ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ గారు ఒక సందేహం వెలిబుచ్చారు. "పెద్ద సంస్థలలో ఆల్టియం వంటి ఖరీదైన ప్రోగ్రాములు వాడతారు. ఇది నేర్చుకొన్న మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలు దొరుకుతాయా?" అన్నారు. తోసిపుచ్చదగిన మాట కాదది. పేదింటి పిల్లవానికి చదువు గమ్యం ఉద్యోగమే. కాని ఆల్టియం డిజైనర్ విండోస్ మీదనే నడుస్తుంది. మన లినక్స్ యంత్రాలకు పనికిరాదు. అంతకన్న ముఖ్యం, ఐ.సి.కి చేరువలో కెపాసిటర్‌ను ఎందుకు ఉంచాలి, ఎక్కువ కరెంటు పారే దారిని ఎందుకు వెడల్పు చేయాలి అన్న వివేకం ఏ ప్రోగ్రాముతో నేర్చినా ఒక్కటే. ఒక కలంతో రాయ నేర్చినవాడు మరొక కలంతో రాయలేకపోడు.

ఇక్కడే తెలుగువారికి పని పడింది. మా కళాశాల పత్రిక పాత సంచికలు కొన్ని ఒకానొక ఫాంటులో కూర్చబడినవి. ఆ ఫాంటు నేటి యంత్రాలలో లేదు. ఫైలు తెరిస్తే మన విద్యార్థుల కవితల స్థానంలో అర్థంలేని రోమన్ అక్షరాలు కనబడతాయి. ఉర్దూ శాఖ పెద్దలకు ఈ సంగతి చెప్పగా, "భాయి సాహెబ్, మా పుటలకూ అదే గతి" అని నిట్టూర్చారు. రచన మనదే, తాళం మరొకరిది! కీక్యాడ్ ఫైలును మాత్రం సామాన్యమైన టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూశాం. కుండలీకరణాల మధ్య విడిభాగాల పేర్లు, కొలతలు మానవ నేత్రానికి అందే అక్షరాలలో ఉన్నాయి. ప్రోగ్రాము అంతరించినా ఆ రాత చదువవచ్చు. ఆ ఒక్క గుణం మా నిర్ణయాన్ని తేల్చివేసింది.

దానిలో లోపాలు లేవని కాదు. రాగి దారులను దానంతట అదే వేసే సాధనం అందులో లేదు. ఫ్రీరౌటింగ్ అనే వేరొక ప్రోగ్రామును ఆశ్రయించాలి. కొత్త ప్రతితో దాచిన ఫైలు పాత ప్రతిలో తెరుచుకోదు. కనుక ప్రయోగశాల యంత్రాలన్నిటిలో ఒకే ప్రతి ఉండాలి. ఈ ఇబ్బందులు జాగ్రత్తతో తీరేవి. పైగా ఈగిల్‌లో గీసిన పాత బోర్డులను కీక్యాడ్ తనలోకి తీసుకోగలదు. ఇంట్లో విండోస్ ఉన్న విద్యార్థి కూడా దానిని పైసా చెల్లించకుండా తెచ్చుకోవచ్చు.

ముగ్గురం ఏకగ్రీవంగా కీక్యాడ్‌ను సిఫార్సు చేశాం. విద్యార్థి సోదర సోదరీమణులారా! మీరు రేపు ఏ కొలువులో చేరినా, ఏ ప్రోగ్రాము ముందు కూర్చున్నా, మీ పనిని దాచే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: పది సంవత్సరాల తరువాత దీనిని తెరవడానికి ఎవరి అనుమతి కావాలి? ఎవరి అనుమతీ అక్కరలేదన్నప్పుడే ఆ గీత మీది.