వాయవ్య దిక్కున నల్లమబ్బు

1996 ఏప్రిల్‌లో కార్యాలయపు పనిపై మొదటిసారి కలకత్తా వెళ్లాను. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ దిగి హౌరా స్టేషన్ దాటేసరికే చొక్కా చెమటతో తడిసి ముద్దయింది.

మూడవనాటి సాయంత్రం హుగ్లీ ఒడ్డున ఒక నిర్మాణ స్థలంలో క్రేన్‌తో ఉక్కు దూలాన్ని ఎత్తిస్తున్నాను. వయసు మీరిన బెంగాలీ ఫోర్‌మన్ వాయవ్య దిక్కుకేసి చూసి, "పని ఆపించండి సార్, కాలబైశాఖి వస్తోంది" అన్నాడు. నడినెత్తిన ఆకాశం నిర్మలంగానే ఉంది. "ఈ ఒక్క దూలం కానివ్వండి దాదా" అన్నాను. ఆయన వినలేదు. దూలాన్ని నేలకు దింపించి, అందరినీ పక్కా భవనంలోకి పంపాడు. అరగంటలోపే ధూళితో పగలు చీకటైంది. మేము నిలిచిన చోటికి ఎక్కడిదో ఇనుపరేకు ఎగిరివచ్చి పడింది.

చైత్ర వైశాఖాలలో బంగాళాఖాతపు తేమగాలి నేలకు సమీపంగా వీస్తుంది. దానిపైన పడమటి పొడిగాలి ఉంటుంది. ఎండకు కాగిన నేల తేమగాలిని పైకి నెట్టినప్పుడు ఛోటా నాగపూర్ పీఠభూమి ప్రాంతంలో 12 కిలోమీటర్లకు మించిన ఎత్తుతో ఉరుము మేఘాలు లేచి, ఆగ్నేయంగా సాగి కలకత్తాను చేరుతాయి. వానతో చల్లబడిన గాలి కిందికి దూకి పెనుగాలిగా పరుచుకుంటుంది. అరుదుగా మేఘంలో సుడి ఏర్పడి టోర్నడో అవుతుంది. 1983 ఏప్రిల్ 12న గాయిఘాటాలోనూ, 1998 మార్చి 24న బెంగాల్, ఒడిశా సరిహద్దు గ్రామాలలోనూ, 2024 మార్చి 31న జల్‌పాయీగుడి జిల్లాలోనూ ప్రాణాలు తీసినది అదే.

భారత వాతావరణ శాఖ 1875లో ఈ నగరంలోనే ప్రారంభమైంది. నేడు డమ్‌డమ్ నుంచి ఉదయం, సాయంత్రం పైకి వెళ్లే బెలూన్ పరికరాలు వివిధ ఎత్తులలోని ఉష్ణోగ్రతను, తేమను, గాలిని కొలుస్తాయి. వాటినిబట్టి ఆ రోజు గాలివానకు ఎంత అవకాశముందో చెప్పవచ్చు. ఏ పేటపై విరుచుకుపడుతుందో మాత్రం మేఘం పుట్టాకగాని తెలియదు. అక్కడినుంచి భారం డాప్లర్ రాడార్‌ది. ఎదురువచ్చే రైలు కూత హెచ్చుగా, దాటిపోయాక తగ్గుగా వినిపించినట్లే, వానచినుకులు దగ్గరవుతున్నాయో దూరమవుతున్నాయో తిరిగివచ్చిన తరంగాల మార్పు చెబుతుంది. అలీపూర్ వాతావరణ కేంద్రం దానిని గమనిస్తూ, రాబోయే మూడు గంటల వరకు హెచ్చరికలు ఇస్తుంది. ఇరుకైన, అల్పాయువైన టోర్నడోను ముందుగా పట్టుకోవడం ఇంకా కష్టమే.

మొన్న మళ్లీ కోల్‌కతా వెళ్లినప్పుడు ఆ హెచ్చరిక నా సెల్‌ఫోన్‌కే వచ్చింది. నాడు ఫోర్‌మన్‌కు ఉన్నది కన్ను, అనుభవం, పని ఆపే ధైర్యం. మొదటి రెండింటి పనిని ఇప్పుడు యంత్రాలు చాలావరకు చేస్తున్నాయి. మూడవది మనమే సమకూర్చుకోవాలి. మన ప్రాంతంలోనూ వేసవి గాలివానలు, పిడుగులు కొత్త కాదు. అందుకే పని ఆపించే అధికారం ఎవరిదో పొద్దున్నే నిర్ణయించుకోవడం మేలు. మబ్బు కమ్మాక దాని గురించి చర్చించే వ్యవధి ఉండదు.