రెండో బకెట్ నీళ్లు

బతుకమ్మ పండుగకు ముందు ఇళ్లు కడగడం మొదలవుతుంది. మా దవాఖానకు దగ్గులు రావడమూ అప్పుడే మొదలవుతుంది. ఓ సాయంత్రం జ్యోతినగర్ క్వార్టర్ల నుంచి ఒక ఇల్లాలిని తీసుకొచ్చారు. కళ్ల వెంట ధార, మాట తెగిపోయే దగ్గు. "బండలు తెల్లగ కావాలని యాసిడ్‌ల బ్లీచింగ్ పౌడర్ కలిపిన సారూ" అంది.

ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం ఎదుటి కందకాల మీదికి వదిలింది ఆ వాయువునే. గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, అందుకే నేలనంటి ఉంటుంది. గొంతుకూర్చుని బండ రుద్దే మనిషి ముక్కు కూడా అక్కడే ఉంటుంది. ఆక్సిజన్ పెట్టి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందేమోనని రాత్రంతా కనిపెట్టుకొని ఉన్నాం. తెల్లారేసరికి తేరుకుంది.

ఇంటికి వెళ్తూ అడిగింది: "మరి దేంతోటి కడగాలె?"

మందుల చీటీ వెనక రాసిచ్చాను. గచ్చుకు కుంకుడు రసం. అందులోని సపోనిన్లే నురగై జిడ్డును విడదీస్తాయి. ఉప్పునీటి మరకలకు నిమ్మచెక్క. ఇత్తడి బిందెకు చింతపండు. దాని పులుపు చిలుమును కరిగిస్తుంది. కింద గీత గీసి మరొకటి రాశాను: నిమ్మరసాన్ని కూడా బ్లీచింగ్ పౌడర్‌తో కలపొద్దు. పులుపు చెట్టుదైనా, సీసాదైనా పుట్టించేది క్లోరిన్‌నే.

సహజమన్న మాట విని మోసపోయినవాళ్లనూ చూశాను. చేతులు పగిలి వచ్చిన ఒక ముసలమ్మ రోడ్డు పక్క ఎత్తుకొచ్చిన బూడిదతో బోళ్లు తోముతోంది. "మా అమ్మ గూడ బూడిదతోనే తోమేది బిడ్డా" అంది. వాళ్లమ్మది కట్టెల పొయ్యి బూడిద. ఇది బొగ్గుది. 1983 నుంచి కరెంటు తీస్తూ 2,600 మెగావాట్లకు ఎదిగిన ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం ఉన్న ఊరిది; ఇక్కడ బూడిదంటే ఎక్కువగా సింగరేణి బొగ్గు కాలగా మిగిలిందే. అందులో సిలికా, కొద్దిపాళ్లలో ఆర్సెనిక్ వంటివి ఉంటాయి. సిమెంటుతో కలిసి ఇటుకైతే గోడలో గట్టిగా బిగిసిపోతుంది, అలాంటి ఇటుకతో ఇల్లు కట్టుకొమ్మని నేనే చెప్తాను. అన్నం తినే పళ్లేనికి మాత్రం వద్దు.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పొడి చీపురు. గోదావరిఖనిలో బొగ్గు లారీలు తిరిగే దారి పక్కింటి ఆరేళ్ల బాబు నెలకోసారి పిల్లికూతలతో వచ్చేవాడు. నాయనమ్మ పొద్దున, సాయంత్రం ఊకుతుంది, ఫినాయిల్ కొడుతుంది, ఆపైన సాంబ్రాణి పొగ. చీపురుకు లేచిన సన్నని దుమ్ము గంటలకొద్దీ గాలిలోనే తేలుతుంది. పొగ దానికి తోడవుతుంది. ఇన్‌హేలర్ మానొద్దన్నాను. సాంబ్రాణి, ఫినాయిల్ ఆపమన్నాను. ఊకకుండా ముందే తడిబట్ట పెట్టమన్నాను, ఉత్త నీళ్లతోనే.

రెండు నెలలకు బాబుతో వచ్చిందామె. వాడి వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటుంటే పక్కనుంచి అంది: "రెండో బకెట్ నీళ్లు గూడ నల్లగనే వస్తున్నయ్ సారూ. ఇన్నొద్దులు గిదంతా యాడికి పోయింది?"