తన కలమా, వాడి కలమా?

"అన్న తన కలం తీశాడు" అంటే ఒక అర్థం. "అన్న వాడి కలం తీశాడు" అంటే మరొక అర్థం. ఈ చిన్న తేడా మరిచిపోయి, నేనొకసారి ఏ పాపమూ ఎరగని పిల్లవాణ్ణి దొంగను చేశాను.

ఆర్మీనియా దేశానికి రాజధాని యెరవాన్. అక్కడ కొంతకాలం ఒక ముసలమ్మగారి ఇంట్లో ఉండి, ఆర్మీనియన్ భాష నేర్చుకున్నాను. ఆ భాషలో "తాతిక్" అంటే తాత కాదు, అమ్మమ్మో నాయనమ్మో! "నా" అంటే నాది కాదు. అతను, ఆమె, అది అన్నిటికీ అదే మాట. నాకు రోజూ తికమకే.

తాతిక్‌కు ఇద్దరు మనవలు. ఒకనాడు చిన్నవాడి కలం కనబడలేదు. వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"నీవేమైనా చూశావా, నాయనా?" అని తాతిక్ నన్నడిగింది.

పొద్దున పెద్దవాడు తన కలం తీసుకోవటం నేను చూశాను. ఆ మాటే చెప్పాననుకున్నాను. కాని "తన" అనటానికి "ఇర్" అనాలి. నేను "నరా" అన్నాను. "నరా" అంటే "వాడి", అంటే ఇంకొకడిది!

తాతిక్ పెద్దవాణ్ణి చెడామడా తిట్టింది. వాడు మాట్లాడలేదు. నీళ్ళు నిండిన కళ్ళతో నాకేసి చూశాడు. అప్పుడు నాకు తప్పు తెలిసివచ్చింది.

"నరా కాదు, ఇర్! ఇర్!" అని అరిచాను.

ఇంతలో చిన్నవాడి కలం వాడి కోటుజేబులోనే దొరికింది.

మన తెలుగులోనూ "తన", "వాడి" వేరువేరుగా ఉన్నాయి కదా, మరి నేనెందుకు పొరబడ్డాను? ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. నేను ఇంగ్లీషులో ఆలోచించి మాట్లాడాను. తెలుగులో ఆలోచించి ఉంటే ఆ పిల్లవాడికి తిట్లు తప్పేవి.

ఆర్మీనియన్‌లో "తనే" అని నొక్కి చెప్పటానికి "ఇంక" అంటారు. దాని చివర "స్" చేరిస్తే "నేనే", "ద్" చేరిస్తే "నువ్వే". విమానానికి వారి పేరు "ఇంక్నాతిర్", అంటే తనంతట తానే ఎగిరేది!

నేను పెద్దవాడి దగ్గరకు వెళ్ళి, "యెస్ ఇంకస్" అన్నాను. తప్పు చేసింది నేనే, అని.

వాడు నవ్వాడు. తన కలం తీసి, నా నోటుపుస్తకంలో పెద్ద అక్షరాలతో "ఇర్" అని రాసి ఇచ్చాడు. ఆ మాట నేను మళ్ళీ మరిచిపోలేదు.