అద్దం చుట్టూ రబ్బరు

కారు గురించి మాట్లాడేటప్పుడు ఇంజను గురించి చెబుతారు, రంగు గురించి చెబుతారు. ముందద్దం చుట్టూ ఉండే నల్ల రబ్బరు గురించి ఎవరూ చెప్పరు. వాన కురిసిన రోజున మాత్రం దాన్నే తలుచుకుంటారు. మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో చదువు మీద, క్రమశిక్షణ మీద రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు గనుక, మా ఇంటికి అన్నం పెట్టిన ఆ రబ్బరు గురించి రాద్దామనుకున్నాము.

మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో కార్ల అద్దాలు బిగిస్తాడు. ఆయన చదువు నాలుగో తరగతితో ఆగింది. మా వంశంలో డిగ్రీ పాసైన మొదటివాళ్ళం మేమే. ఇప్పుడు ఇరవై మూడేళ్ళ వయసులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాము. ఇంటర్ నుంచీ ప్రతి సెలవులకూ ట్రంకు పెట్టె ఇంట్లో దించి, మర్నాడు పొద్దున్నే తమ్ముణ్ణి వెంటబెట్టుకొని షెడ్డుకు వెళ్ళేవాళ్ళం. పరీక్ష ఫీజులూ, రికార్డు పుస్తకాలూ ఆ కూలి డబ్బుల్లోంచి వచ్చినవే.

ఇప్పటి కార్లకు ముందద్దాన్ని పాలీయురేథేన్ గమ్ముతో నేరుగా బాడీకి అంటిస్తారు. పాత కార్లలో అలా కాదు. అంబాసిడర్‌నే తీసుకోండి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ వారు తయారుచేసిన ఆ కారులో అద్దానికీ రేకుకూ మధ్య రబ్బరు ఉంటుంది. దాని ఒక గాడిలో అద్దం కూర్చుంటుంది, రెండో గాడిలో బాడీ రేకు అంచు దూరుతుంది. అద్దాన్ని పట్టి ఉంచేదీ, వానను ఆపేదీ ఆ రబ్బరే. 2014లో బెంగాల్‌లోని ఉత్తరపరా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. నాన్నకు ఆ పని తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు పాత కార్లను ముచ్చటపడి దాచుకునేవాళ్ళే ఆయన్ను వెతుక్కుంటూ వస్తారు.

పని ఇలా ఉంటుంది. ముందు పాత రబ్బరు కోసి తీసేయాలి. దాని కింద రేకు తుప్పు పట్టి ఉంటే, రబ్బరు ఎంత కొత్తదైనా నీళ్ళు ఆగవు. తుప్పు గీకి, చిల్లులుంటే టింకరింగ్ మేస్త్రి చేత అతుకు వేయించి, రెడ్ ఆక్సైడ్ పూసి ఆరనివ్వాలి. తర్వాత రబ్బరును అద్దం చుట్టూ తొడుగుతారు. రెండో గాడిలో చుట్టూరా సన్నటి నైలాన్ తాడు పెట్టి, రెండు కొసలూ కింది భాగం మధ్యలో కారు లోపలికి వదులుతారు. అంచుకు సబ్బు నీళ్ళు రాస్తారు. ఇక ఇద్దరు మనుషులు కావాలి. బయట నాన్న రెండు అరచేతులతో అద్దాన్ని నొక్కుతుంటే, లోపల కూర్చుని మేము తాడు లాగేవాళ్ళం. తాడు వచ్చే కొద్దీ రబ్బరు పెదవి రేకు అంచు దాటి ఇవతలికి వచ్చి కూర్చుంటుంది. తొందరపడి లాగితే రబ్బరు చిరుగుతుంది. ఒకచోటే నొక్కితే అద్దం పగులుతుంది. అందుకే నాన్న వేలితో అద్దం మీద తట్టేవాడు. ఒకసారి తడితే లాగమని, రెండుసార్లు తడితే ఆగమని. చివర్లో రబ్బరు పెదవి కింద గట్టిపడని పుట్టీ ఎక్కిస్తారు.

“మూల దగ్గర లాగొద్దు, తోసి పెట్టు” అనేవాడు నాన్న. ఎందుకని అడిగితే “లాగితే త్వరగా పగులుద్ది” అనేవాడు. పీజీలో పాలిమర్ల పాఠం విన్నాక గానీ మాకు కారణం తెలియలేదు. సహజ రబ్బరు అణువుల గొలుసులో ద్విబంధాలుంటాయి. గాలిలోని ఓజోన్ వాటిని తెంపుతుంది. సాగదీసి ఉన్న రబ్బరులో ఆ పగుళ్ళు త్వరగా పెరుగుతాయి. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరులో ప్రధాన గొలుసుకు ద్విబంధాలు లేవు, అందుకే అది ఎండకూ గాలికీ ఎక్కువ కాలం నిలుస్తుంది. కిరోసిన్, ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. సబ్బు నీళ్ళే ఎందుకు వాడాలో అప్పుడు అర్థమైంది. క్లాసులో పక్కవాళ్ళు బట్టీపడుతుంటే మాకు నాన్న చేతులు కనిపించాయి.

ఒక శ్రావణ మాసంలో ఒక ఓనరు కారు తీసుకెళ్ళిన మూడో రోజునే తిరిగి వచ్చాడు. కాళ్ళ దగ్గర మ్యాటు తడిసిందట. అద్దం సరిగా పెట్టలేదు, కూలి ఇచ్చేది లేదన్నాడు. అది రెండు రోజుల పని. నాన్న తల దించుకున్నాడు. మేము అద్దం లోపలి అంచునా, డ్యాష్‌బోర్డు కిందా చాక్‌పీసు పొడి చల్లి, ఓనరు గారిని లోపల కూర్చోమని, పైపుతో కింది నుంచి పైకి కొంచెం కొంచెంగా నీళ్ళు వదిలాము. పై నుంచి ఒకేసారి పోస్తే ఎక్కడ దూరిందో తెలియదు. వైపరు తిరిగే కడ్డీ చుట్టూ ఉండే చిన్న రబ్బరు దగ్గరికి రాగానే పొడి మీద తడి గీత పడింది. ఆ తర్వాత అద్దం చుట్టూ తడిపినా, అంచున చల్లిన పొడి చెక్కు చెదరలేదు. నీళ్ళు ఒకచోట దూరి, రేకు వెంట పాకి, పల్లం చూసుకొని ఇంకోచోట రాలతాయి. ఓనరు మాట్లాడకుండా డబ్బులిచ్చాడు. నాన్న ఆ చిన్న రబ్బరు కూడా మార్చి, దానికి పైసా తీసుకోలేదు. మాకు కోపం వచ్చింది. “నా చేతిలోంచి పోయిన కారు తడవకూడదురా” అన్నాడు.

2021లో కేంద్ర ప్రభుత్వం, అసలు రూపంలోనే ఉండి యాభై ఏళ్ళు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలు తెచ్చింది. ఆ నంబరులో ‘వీఏ’ అనే అక్షరాలుంటాయి. అసలు రూపం నిలవాలంటే పాత పద్ధతి తెలిసిన చెయ్యి కావాలి. నాన్న వేళ్ళ కణుపులు ఇప్పుడు నొప్పి పెడుతున్నాయి. మీ తర్వాత ఎవరయ్యా అని ఓనర్లు అడిగితే, “మా పిల్లలు చదువుకుంటున్నారండి” అని గర్వంగా చెబుతాడు. కిందటేడు తమ్ముడు ఇంటర్ అవగానే షెడ్డులోకి వస్తానన్నాడు. ఇంట్లో నెల రోజులు మాటల్లేవు. ఈ పని తనతోనే పోవాలని నాన్న, పోకూడదని తమ్ముడు. ఇద్దరిదీ ప్రేమే.

చివరికి తమ్ముడు డిగ్రీలో చేరాడు. ఆదివారాలు షెడ్డుకు రానివ్వడానికి నాన్న ఒప్పుకున్నాడు. ఏ కారుకు ఏ రబ్బరు, ఎంత పొడవు, అతుకు ఎక్కడ రావాలి అన్నీ నాన్న చెబుతుంటే మేము ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాము. రాత్రి ఆయన కూడబలుక్కుని చదివి, మేము పొరపాటుగా విన్నచోట వేలు పెట్టి చూపిస్తాడు. ఆయన చదువుతున్న మొదటి పుస్తకం అదే.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన ట్రంకు పెట్టెలు వేర్వేరు ఊళ్ళ నుంచి వచ్చాయి. మీ ఇళ్ళలోనూ చెప్పులు కుట్టే చేతులు, బావులు తవ్వే చేతులు, నారు పోసే చేతులు ఉన్నాయి. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు వాళ్ళ పక్కన కూర్చుని ఆ పని ఎలా చేస్తారో అడిగి రాసుకోండి. వచ్చే ఏడాది సంచికలో మీ పేజీ చదవాలని మా కోరిక.